చెన్నపట్నం నుంచి చంద్రగిరికి

అరవై ఏళ్ళకు పైబడి చెన్నపట్నంలో కాపురమున్న మనిషి, మూడున్నర గంటల రైలు దూరంలో ఉన్న చంద్రగిరిని ఒక్కసారైనా చూడలేదంటే నమ్మబుద్ధి కాదు. మా మేనమామ చూడలేదు. తిరుపతికి ఎన్ని పర్యాయాలు వెళ్ళారో ఆయనకే లెక్క తెలియదు. వెళ్ళినప్పుడల్లా కొండ ఎక్కడం, దర్శనం చేసుకోవడం, లడ్డూలు మూటగట్టుకుని రాత్రి బండికి తిరిగి వచ్చేయడం. మర్నాడు అచ్చాఫీసుకు పోవాలి గదా! పక్కనే రాయలవారి కోట ఉన్నదని తెలుసు. “వచ్చేసారి చూద్దాంలే” అనుకుంటూ ఉండగానే ఎనభై నాలుగేళ్ళు వచ్చి పడ్డాయి.

మామయ్య 1959లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, నెల్లూరు నుంచి మద్రాసు చేరి ఒక తెలుగు అచ్చాఫీసులో కంపోజిటరుగా కుదిరారు. ఆంధ్రపత్రిక మొదలుకొని ఎన్నో తెలుగు పత్రికలు ఆ ఊళ్ళోనే అచ్చవుతుండిన కాలం. గళ్ళపెట్టెలోంచి సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలోని స్టిక్కులో తిరగేసి పేర్చడం ఆయన పని. “ఇంగ్లీషువాడిది సుఖం. ఇరవై ఆరు అక్షరాలు. మనకు గుణింతాలూ, ఒత్తులూ, వాటి ఒత్తులూ! పెట్టెల ముందు కూచిపూడి ఆడాలి” అనేవారు. ఆఫ్‌సెట్ యంత్రాలు వచ్చి, సీసాన్ని తూకానికి అమ్మేసిన తరువాత ప్రూఫులు దిద్దుతూ మరికొన్నేళ్ళు గడిపారు. ఇప్పుడు ఆ కళ్ళకు నీటికాసులు. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికన్ను చుట్టూ చీకటి ముసురుకుంటూ, నడుమ కాస్తంత వెలుగు మిగిలింది. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవలసిందేనని డాక్టర్లు చెప్పారు.

అత్తయ్య పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. చాకలిపేటలోని అద్దె ఇంట్లో ఒక్కరే ఉంటూ, పొయ్యి వెలిగించడానికి చేతితో తడుముకుంటున్నారని తెలిసిన తరువాత మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆయనను మంఖాల్ తీసుకువచ్చి మా దగ్గర ఉంచుకోవాలని అందరమూ తీర్మానించాము. తీర్మానాలు చేయడం సులభమే. ఆయనను ఒప్పించే బాధ్యత మాత్రం నామీద పెట్టారు. తెలుగు పాఠాలు చెప్పేదానికి మాటలు బాగా వస్తాయని మావారి నమ్మకం!

మా మంఖాల్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. శంషాబాదు విమానాశ్రయానికి దగ్గర ఊరు. 2008లో అక్కడ విమానాలు దిగడం మొదలైన నాటి నుంచి మా నెత్తిమీద అవి రాకపోకలు సాగిస్తూనే ఉన్నాయి. ఒక పక్క ఫ్యాక్టరీలు, ఒక పక్క ప్లాట్ల రాళ్ళు, నడుమ ఇంకా మిగిలిన నాలుగు మళ్ళు. చుట్టూ బండరాళ్ళ గుట్టలు. సముద్రపు గాలికి అలవాటుపడిన మనిషిని అక్కడికి రమ్మనడానికి నాకే నోరు రావడం లేదు.

దసరా సెలవులకు రాత్రి రైలెక్కి చెన్నపట్నం వెళ్ళాను. మామయ్య నా మాట సాంతం విన్నారు. హార్బరు వైపు నుంచి ఓడ కూత ఒకటి వినిపిస్తే, అది ఆగేదాకా ఆగి, “చంద్రగిరి తీసుకుపోతావా అమ్మాయ్? చూపున్నప్పుడే చూడాలి. మిగతా సంగతి ఆ తరువాత మాట్లాడదాం” అన్నారు.

సరేనన్నాను.

శుక్రవారం వెళితే అక్కడి మ్యూజియం మూసి ఉంటుందని తెలిసి, శనివారానికి టిక్కెట్లు తీసుకున్నాను. అది పెరటాసి శనివారమన్న సంగతి మాత్రం తట్టలేదు. తమిళులకు ఆ నెలలో శనివారాలంటే వేంకటేశ్వరస్వామికి ప్రత్యేకం. పొద్దున్నే సెంట్రల్ స్టేషనులో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ దగ్గరకు పోతే పసుపు బట్టలు, గోవింద నామాలు, పులిహోర వాసన! మా ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దావిడ, మేము కొండకు పోవడంలేదని విని నిర్ఘాంతపోయింది. “తిరుపతి దాకా వచ్చి స్వామిని చూడకుండా పోతారా?” అని అరవపు యాసలో చక్కని తెలుగున నిలదీసింది.

“స్వామిని చాలాసార్లు చూశానమ్మా. ఈసారి ఆయన భక్తుడి ఇల్లు చూద్దామని” అన్నారు మామయ్య. కృష్ణదేవరాయలు ఏడుసార్లు తిరుమలకు వచ్చి స్వామిని సేవించుకున్నాడని చెప్పగానే ఆవిడ శాంతించి మాకు చెరొక పొట్లం పులిహోర ఇచ్చింది.

అరక్కోణం దాటాక తిరుత్తణి వచ్చింది. మామయ్య కిటికీ ఊచలు పట్టుకుని నిలుచున్నారు. “ఈ ఊరు పోయిన వార్తను కంపోజ్ చేసింది నేనే” అన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దుల తగాదా ఏళ్ళ తరబడి నడిచి, చివరకు 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకాలో అధికభాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. బదులుగా సత్యవేడు వంటి తావులు మనకు వచ్చాయి. “ఒక్కొక్క అక్షరమే పేరుస్తూ ఉంటే ఊరు వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నట్టనిపించింది. అయినా ఇచ్చి పుచ్చుకోవడమే కదా. తప్పులు లేకుండా కంపోజ్ చేశాను” అన్నారాయన. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న మద్రాసులో నిరాహారదీక్షలో కన్నుమూసినప్పుడు మామయ్యకు పదకొండేళ్ళు. నెల్లూరు వీధుల్లో పెద్దవాళ్ళు ఏడవడం మొదటిసారి అప్పుడే చూశారట.

తిరుత్తణి దాటిన తరువాత కొండలు దగ్గరవుతాయి. నగరి కొండ కొన మనిషి ముక్కులా ఉంటుంది. నగరి ముక్కు అంటారు. దానికొక విశేషం ఉన్నది. వెనుకటి రోజుల్లో ఓడలవాళ్ళకు సముద్రంలో నుంచి ఈ ముక్కు కనిపించేదట, దాన్ని గురుతుగా పెట్టుకుని ఒడ్డు ఎంత దూరమో పోల్చుకునేవారట. కొండలకూ రేవుకూ ఉన్న సంబంధం ఇప్పటిది కాదన్నమాట. మామయ్యకు ఆ ముక్కు చూపించడానికి నేనూ, పులిహోర పెద్దావిడా కలిసి నానా అవస్థా పడ్డాము. ఆయన మిగిలిన చూపు వలయంలోకి అది వచ్చేసరికి రైలు మలుపు తిరిగింది. “ఏదో ముక్కలాంటిది కనిపించింది. అదే అనుకుంటాను” అన్నారు నవ్వుతూ.

తిరుపతిలో దిగి, భక్తులంతా ఒక వైపు పోతుంటే మేము రెండో వైపు పోయి ఆటో మాట్లాడుకున్నాము. చంద్రగిరి పన్నెండు కిలోమీటర్లు. ఊరు మామూలుగానే ఉంటుంది. సందులు, దుకాణాలు, గోడల మీద సినిమా కాగితాలు. ఆ సందులు దాటగానే ఉన్నట్టుండి పెద్ద పెద్ద రాళ్ళు పేర్చిన కోటగోడ ఎదురవుతుంది. ద్వారం దాటి లోపలికి పోతే వెనక నిటారుగా బండకొండ, దాని పాదాన పచ్చిక, పచ్చిక మీద రాజమహలు.

ఇక్కడ మా మామయ్య చేసిన పని చెప్పాలి. మహలు ముందు నిలబడి చూశారు. ఒక కమాను కనిపించింది, దానిపై కాస్త గోడ. తల తిప్పితే మరో కమాను. “ఇలా లాభం లేదు. నన్ను వెనక్కి నడిపించు” అన్నారు. చేయి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిపించాను. పది అడుగులు, ఇరవై, నలభై. “ఇంకా, ఇంకా...” పచ్చిక చివరన చెట్టు వీపుకు తగిలేదాకా వెళ్ళాము. అప్పుడు, “ఆఁ! ఇప్పుడు పట్టింది, మొత్తం పట్టింది. మూడంతస్తులు కదూ? పైన గుడి గోపురాల్లాంటివి ఉన్నాయి. మధ్యది ఎత్తు” అన్నారు. దూరం పోయినకొద్దీ ఆ చిన్న వలయంలో పెద్ద వస్తువు ఇముడుతుందని నాకు అప్పటిదాకా తోచలేదు. ఆయన చాలాసేపు అలాగే నిలుచున్నారు. నేను మాట్లాడలేదు.

ఆ మహలు రాయి, ఇటుక, సున్నం తప్ప కలప అన్నది లేకుండా కట్టినది. కింద అంతా కమానులు, పైన దేవాలయ శిఖరాలు. తురకల పద్ధతీ మన పద్ధతీ ఒకే గోడలో కాపురం చేస్తున్నాయి. లోపల ఇప్పుడు పురావస్తుశాఖ మ్యూజియం ఉంది. పక్కనే రాణిమహలు అని చిన్న మేడ. పేరేగాని, కింది అంతస్తు చూస్తే గుర్రపుసాల అనిపిస్తుంది. రాణీలు అక్కడ ఉన్నారంటే నాకు నమ్మకం కుదరలేదు. కొండమీద పైకోట శిథిలాలున్నాయి. వాటి జోలికి మేము పోలేదు.

చంద్రగిరి కథ పెద్దది. యాదవరాయల నాటి కోట అంటారు. విజయనగరం చేతికి వచ్చాక సాళువ నరసింహుడు దీన్నే ఆధారం చేసుకుని బలపడి, 1485లో సింహాసనమే ఎక్కాడు. అచ్యుతదేవరాయలు 1529లో పట్టానికి రాకముందు ఇక్కడే నిర్బంధంలో ఉన్నాడు. 1565 నాటి యుద్ధంలో హంపి నాశనమైన పిదప రాజధాని పెనుగొండకు, అక్కడ గోలకొండవారి దాడులు ఎక్కువయ్యాక రెండవ వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి చేరింది. 1598 ప్రాంతంలో జెసూటు మతబోధకులు ఈ రాజుగారి కొలువుకు వచ్చారు. తరిమినకొద్దీ దక్షిణానికి జరుగుతూ, ఉన్నచోటే కొలువు పెట్టుకుంటూ, కవులనూ దేవుళ్ళనూ వెంట మోసుకుంటూ ఒక సామ్రాజ్యం ముసలిదైన కథ ఇది. చివరకు రాజధాని ఇక్కడినుంచి కూడా లేచి వేలూరు పోయింది.

మద్రాసు పుట్టుక సంగతి ఇక్కడే వస్తుంది. ఈ రాజమహలులోనే మద్రాసును ఇంగ్లీషువారికి రాసిచ్చారని అందరూ చెబుతారు. మామయ్య కూడా చిన్నప్పటి నుంచీ నాకు అలాగే చెప్పారు. తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి నాకు ఆ మాట అంత సూటిగా మింగుడుపడదు. మా నెల్లూరు సీమలోని దుగ్గరాజపట్నంలో ఇంగ్లీషువారికి 1626 నుంచి ఒక స్థావరం ఉండేది. అది వ్యాపారానికి అచ్చిరాక ఫ్రాన్సిస్ డే అనే ఆయన దక్షిణంగా చోటు వెతుక్కుంటూ పోయాడు. 1639 ఆగస్టులో పట్టా ఇచ్చినవాడు ఆ తీరప్రాంతపు అధికారి దామెర్ల వేంకటప్ప నాయకుడు. మరుసటేడు కోట పని మొదలయింది. 1645లో మూడవ శ్రీరంగరాయలు దాన్ని ఖాయపరిచాడు. అప్పటికి రాయలవారి కొలువు ఎక్కువగా వేలూరులోనే. అంచేత కాగితం ఈ గదిలోనే పుట్టిందని నేను ప్రమాణం చేయలేను. చంద్రగిరి ఏలికల ముద్ర మాత్రం దానిమీద ఉన్నది.

ఒక తమాషా చెబుతాను. శ్రీరంగరాయలు తన పత్రంలో ఆ ఊరిని శ్రీరంగరాయపట్నం అని రాయించాడు. ఆ పేరు ఎవరూ పిలవలేదు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరిట వచ్చిన చెన్నపట్నమే జనం నోట నిలిచింది. ఈ దామెర్ల సోదరుల్లో చిన్నవాడు అంకభూపాలుడు తెలుగు కవి. తన “ఉషాపరిణయం”లో, ప్రళయకావేరికీ మైలాపురానికీ నడుమ తన అన్న తండ్రి పేరున చెన్నపట్నం కట్టించిన సంగతి చెప్పుకున్నాడు. ప్రళయకావేరి అంటే పులికాటు, డచ్చివారున్న చోటు. మైలాపురం పక్కన పోర్చుగీసువారు. వారి తగవుల మధ్య ఒక ఊరు వెలిసింది. దాని జనన వార్తను మొదట కావ్యంలో రాసుకున్నది మన భాష అని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఒక్క నిమిషం ఫోన్లు కింద పెడతారు. ఒక్క నిమిషమే!

మ్యూజియంలో విగ్రహాలను తాకరాదని బోర్డు ఉంది. ఉండవలసిందే. కాని తాకితే తప్ప తెలియనివారి సంగతి ఆ బోర్డు రాసినవారికి తట్టి ఉండదు. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని నేను చెప్పింది విన్నారు. బయటికి వచ్చాక, ఆవరణలోని పాడుబడ్డ గుడి దగ్గర నేలలో సగం కూరుకుపోయిన రాయి ఒకటి కనిపించింది. అంచున నాలుగైదు అక్షరాలు మాత్రం వానకు అరిగి మిగిలాయి. అక్కడి కాపలాదారును అడిగాను. అతను ముసలాయన కళ్ళకేసి చూసి, “మెల్లగా పెట్టమనండి చేయి” అన్నాడు.

మామయ్య మోకాళ్ళమీద కూర్చుని చూపుడువేలు ఆ గీతల్లో పెట్టారు. ఎడమనుంచి కుడికి, మళ్ళీ ఎడమకు. నలభై ఏళ్ళు సీసపు అక్షరాల ముఖాన్ని వేలితో గుర్తుపట్టిన చేయి అది. “ఇదెంత సులువమ్మాయ్! ఇది తిరగేసి లేదు” అని చిన్నపిల్లవాడిలా నవ్వారు. “ఇది ర. గుండ్రంగా ఉంది చూడు. దీనికి తలకట్టు అరిగింది. ఇది యకారం కాబోలు. తరువాతిది నాకు అందడం లేదు.” నేను వంగి కళ్ళు చికిలించి చూశాను. నాకు అందులో గీతలు తప్ప అక్షరాలు కనబడలేదు. ఎం.ఏ.లో శాసనాల పేపరుకు అరవై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నదాన్ని!

మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాము. ఎండ కొండమీద బండలను కాలుస్తోంది. మామయ్య అడిగారు: “చివరికి చంద్రగిరి ఎవరి చేతికి పోయింది?”

“1646 ప్రాంతంలో గోలకొండవారికి. మీర్ జుమ్లా దండెత్తి వచ్చాడు. ఆ తరువాత మైసూరువారికి.”

“గోలకొండ అంటే మీ ఊరి దాపునే కదూ?”

“ముప్ఫై కిలోమీటర్లు ఉండవచ్చు.”

“బాగుంది! రాయలవారిని తరిమినవాళ్ళ ఊరికే నన్ను కాపురానికి రమ్మంటున్నావా?” అని పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నాకు ఏమనాలో తోచలేదు. నవ్వులాటకు అన్నారో, కాదన్నట్టో తెలియలేదు. నెల రోజులుగా మనసులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ, నేను వంటచేసి పెడతాననీ, మందు చుక్కలు వేళకు వేస్తాననీ, మావారికి మీరంటే గౌరవమనీ, ఒక్కటీ నోటికి రాలేదు. అదీగాక ఆయన ఏం పోగొట్టుకోవలసి వస్తుందో నాకు తెలుసు. చాకలిపేటలో ఆయనకు ప్రతి మలుపూ కాలికి తెలుసు. పాలవాడి గొంతు, కాఫీపొడి దుకాణం వాసన, ఓడల కూత, అన్నీ కలిసి ఆయనకు రెండో జత కళ్ళు. మంఖాల్‌లో మొదటి రోజు నుంచీ ఆయన నిజంగా గుడ్డివారవుతారు. ఈ మాట మా ఇంట్లో తీర్మానం చేసిన రోజున ఎవరమూ అనుకోలేదు.

ఆ మాటే పైకి అనేశాను. ఒప్పించడానికి వచ్చినదాన్ని, రావద్దనడానికి కారణాలు చెబుతున్నాను!

మామయ్య చేయి కడుక్కుని, చాలాసేపు కోటగోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. “నేను పుట్టినప్పుడు నెల్లూరు మద్రాసు రాష్ట్రం. తరువాత ఆంధ్ర, తరువాత ఆంధ్రప్రదేశ్. మద్రాసు తమిళనాడయింది, ఊరి పేరు కూడా మార్చారు. ఈ చంద్రగిరి మొన్నటిదాకా చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా అని ఆటో అబ్బాయి చెప్పాడు కదా. మీది 2014 నుంచి తెలంగాణ. మనం కదలకపోయినా ఊళ్ళు కదులుతూనే ఉన్నాయమ్మాయ్” అన్నారు. ఆ మాటకూడా నాకు ఎటూ తేలలేదు.

తిరుగు రైలు సాయంత్రం. గుండ్లు చేయించుకున్న భక్తులతో పెట్టె నిండిపోయింది. నగరి దాటేసరికి చీకటి పడింది. చీకట్లో మామయ్యకు ఇక ఏమీ కనిపించదు. నా మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. తిరుత్తణిలో టీ తాగాము. చాలాసేపటికి ప్రశ్నలు మొదలుపెట్టారు.

“మీ ఊళ్ళో గుట్టలున్నాయన్నావు, ఎంత దూరం?”

“ఇంటినుంచి కనబడతాయి. సగం కొట్టేశారు.”

“విమానాల చప్పుడు గంటకెన్ని సార్లు?”

“లెక్కపెట్టలేదు. రాత్రిళ్ళు కూడా వస్తాయి.”

“ఓడకూత కంటే పెద్దదా?”

“పెద్దదే. త్వరగా పోతుంది.”

“నీ కాలేజీ పిల్లలు ఇంటికి వస్తారా?”

“అప్పుడప్పుడు వస్తారు మామయ్యా.”

“వాళ్ళకు సీసపు అక్షరం ఎలా ఉంటుందో తెలుసా? నా దగ్గర స్టిక్కు ఒకటి, గుప్పెడు అక్షరాలూ ఉన్నాయి. ఆ రోజు తూకానికి పోకుండా దాచుకున్నవి.”

“తెలియదు” అన్నాను. నాకే సరిగా తెలియదు.

సెంట్రల్లో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆటోలో ప్యారిస్ దాటుతుండగా సముద్రపు గాలి కొట్టింది. మామయ్య తల బయటికి పెట్టి ఆ గాలి పీల్చుకున్నారు. చాకలిపేట మలుపు రాగానే, డ్రైవరుకు నేను చెప్పేలోగానే, “ఇక్కడ ఎడమకు” అన్నారు. కిందకు దిగి, గుమ్మం తాళం తడుముకుంటూ, వెనక్కి తిరగకుండానే అడిగారు:

“అమ్మాయ్, ఇల్లు ఖాళీ చేయాలంటే ఇంటివాళ్ళకు నెల ముందు చెప్పాలా, రెండు నెలల ముందా?”